కుక్కపిల్లల కొట్లాటలో పుట్టుక ఎంత, పెంపకం ఎంత

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నీళ్ళ ట్యాంకర్ల తర్వాత అంత గట్టిగా వాదన జరిగింది ఒక కుక్కపిల్ల మీదే. రెండో అంతస్తు వాళ్ళ ల్యాబ్రడార్ పిల్ల లిఫ్టులో ఎవరు కనిపిస్తే వాళ్ళ చెయ్యో, చున్నీయో, షూ లేసో నోట పట్టుకుంటోంది. కోపంతో చేసేది కాదు, ఆటకే. కానీ పళ్ళు దిగుతున్నాయి. "ల్యాబ్ కదండీ, ఆ జాతే అంత" అని ఒకరు, "పెంపకం సరిగ్గా లేక" అని ఇంకొకరు. మూడో అంతస్తు మాస్టారు "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అని పెట్టారు, పెట్టిన నిమిషానికే "మొక్కై వంగనిది మానై వంగునా మాస్టారూ, ఇప్పుడే నేర్పాలి" అని ఐదో అంతస్తు వదినగారు తగులుకున్నారు. రెండూ మన సామెతలే, రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి, ఇంక తెగేదెలా.

నేను ఆంధ్రా యూనివర్సిటీలో జువాలజీ చదివి, తర్వాత బతుకుతెరువుకి వేరే దారిలో పడిపోయాను గానీ జంతువుల ప్రవర్తన గురించి చదవడం మాత్రం మానలేదు. గ్రూపులో ఇంత పొడుగు రాస్తే మ్యూట్ చేస్తారు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఆడాలన్న కోరిక పుట్టుకతో వస్తుంది, ఎంతలో ఆపాలన్న ఒద్దిక తోటిపిల్లల దగ్గర వస్తుంది, రోజుకి ఎంత ఆడతాయన్నది తల్లి, తిండి, భయం కలిసి తేలుస్తాయి. జీన్స్‌కి ఇంత శాతం, పెంపకానికి ఇంత శాతం అని వాటాలు వేసే లెక్క ఇక్కడ పనికిరాదు.

కోరిక పుట్టుకతోనే వస్తుందని అంత ధైర్యంగా ఎందుకంటున్నానంటే, ఎలుకల వల్ల. ఈ విషయంలో మనకి తెలిసినదాంట్లో చాలా భాగం ల్యాబుల్లో పెరిగే ఎలుకల పుణ్యమే. యాక్ పాంక్‌సెప్ అని ఎస్టోనియాలో పుట్టి అమెరికాలో పనిచేసిన శాస్త్రవేత్త ఒకాయన ఉండేవారు, జీవితంలో పెద్ద భాగం ఎలుకపిల్లల కుస్తీలు చూడటంలోనే గడిపారనిపిస్తుంది ఆయన పేపర్లు చదివితే. 1994లో ఆయన బృందం రాసిన ఒక పేపర్లో, పుట్టిన కొద్ది రోజులకే మెదడు పైపొర, అంటే కార్టెక్స్, తీసేసిన ఎలుకపిల్లలు కూడా ఆడుకున్నాయని ఉంది. ఆలోచనకి, నేర్చుకోవడానికి కావాల్సిన పొర లేదు, అయినా ఒకదాని మెడ మీదికి ఒకటి ఎగబడటం, వెల్లకిలా పడెయ్యడం ఆగలేదు. ఆటకి మూలం మెదడులో ఎంతో లోతున, చాలా పాత భాగాల్లో ఉందన్నమాట. అది ఎవరో నేర్పితే వచ్చింది కాదు.

1990ల చివర్లో ఆయనా, ఆయన శిష్యులూ ఎలుకపిల్లలకి చక్కిలిగింతలు పెట్టారు. అవి 50 కిలోహెర్ట్జ్ దగ్గర కిచకిచమన్నాయి. మన చెవికి 20 దాటితే వినపడదు, అందుకని వాటి సంబరం అన్నాళ్ళూ మనకి తెలియలేదు. ఆ తర్వాత ఆ పిల్లలు చక్కిలిగింత పెట్టిన చేతి వెంటే పరుగులు పెట్టాయట. అదే పాంక్‌సెప్ ఇంకోసారి, బాగా ఆడుకుంటున్న ఎలుకపిల్లల బోనులో పిల్లి వెంట్రుకలు కాసిని వేశారు. ఆట టక్కున ఆగిపోయింది. వెంట్రుకలు తీసేశాక కూడా కొన్ని రోజుల పాటు మునుపటి జోరు రాలేదు. ఆ ఎలుకలు ల్యాబులో పుట్టి ల్యాబులోనే పెరిగినవి, పిల్లి ముఖం ఎరగవు. వాసన చాలు. భయం కూడా పుట్టుకతో వచ్చినదే, అది కమ్మేస్తే ఆట కోరిక అణిగిపోతుంది.

సరే, కోరిక అందరికీ ఉంటే అందరూ ఒకేలా ఎందుకు ఆడరు? ఇక్కడ జీన్స్ మాట తేవాల్సిందే. ల్యాబ్ ఎలుకల్లో ఫిషర్ 344 అని ఒక రకం ఉంది, అవి మిగతా రకాల కంటే తక్కువ ఆడతాయి, ఆట మొదలుపెట్టడంలోనే వెనక ఉంటాయి. కుక్కల్లో అయితే అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు ఐదు జాతుల పిల్లల్ని ఒకే చోట, ఒకే పద్ధతిలో ఏళ్ళ తరబడి పెంచి చూశారు, 1965లో పుస్తకంగా వేశారు. ఫాక్స్ టెర్రియర్ పిల్లలు ఆడుతూ ఆడుతూ అన్నీ కలిసి ఒక్కదాని మీద పడిపోయేవి, ఆ పడ్డదాన్ని వేరు చేస్తే తప్ప బతికేలా లేదన్నంతగా. బీగిల్ పిల్లలు అంత దూరం వెళ్ళేవి కావు. ఇల్లు, తిండి, చూసుకునే మనిషి అన్నీ ఒకటే అయినప్పుడు ఈ తేడా రక్తంలో ఉన్నదే అనుకోవాలి.

నాకు బాగా నచ్చినది మాత్రం 2020లో స్వీడన్ నుంచి వచ్చిన సంగతి. తోడేలు పిల్లల్ని మనుషులే పెంచి, ఎనిమిది వారాల వయసులో ఒక కొత్త మనిషి బంతి విసిరితే ఏం చేస్తాయో చూశారు. పదమూడింట్లో మూడు వెళ్ళి బంతి తెచ్చి ఆ మనిషికిచ్చాయి! బంతి తెచ్చివ్వడం మనం కుక్కల్ని మచ్చిక చేసుకున్నాక వేల ఏళ్ళ ఎంపికతో పుట్టించిన గుణం అని చాలామంది అనుకునేవాళ్ళు. అది తోడేళ్ళలో కొన్నింటికి ముందే ఉందన్నమాట, మనవాళ్ళు ఏరుకున్నారంతే.

ఇంతదాకా చదివి మాస్టారు మీసం తిప్పుకుంటారేమో, ఆగండి. 2022లో అమెరికాలో పద్దెనిమిది వేలకి పైగా కుక్కల యజమానుల్ని ప్రశ్నలడిగి, రెండు వేలకి పైగా కుక్కల డీఎన్ఏ చదివి ఒక పెద్ద పరిశీలన చేశారు. ఒక్కొక్క కుక్కకీ ప్రవర్తనలో ఉన్న తేడాల్లో జాతి పేరు చెప్పగలిగింది సుమారు 9 శాతమే. దీన్ని పట్టుకుని కొందరు "జీన్స్ ఏమీ లేవు, అంతా పెంపకమే" అని రాసేశారు గానీ అది తప్పు. అదే పరిశీలనలో చాలా గుణాలు నాలుగో వంతుకి పైగానే వంశపారంపర్యమని తేలింది. జీన్స్ పనిచేస్తున్నాయి, కానీ అవి జాతి సర్టిఫికెట్టు మీద రాసున్నట్టు పనిచెయ్యవు. ఒకే ఈతలో పుట్టిన రెండు ల్యాబ్రడార్ పిల్లలకే ఎంతో తేడా ఉంటుంది. కాబట్టి "ల్యాబ్ కదండీ" అన్నది సగం సమాధానం కూడా కాదు.

ఇప్పుడు మా పెద్ద వాల్తేరు సందులోకి రండి. సందు చివర, ఎవరో ఇల్లు కట్టడం మొదలుపెట్టి ఆపేసిన చోట, ఇసుక గుట్ట మీద ఒక ఊర కుక్క పిల్లల్ని పెట్టింది. వాటికి నెలా పదిహేను రోజులు వచ్చేసరికి పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళందరికీ అదే సినిమా. అందులో గోధుమరంగుది కాస్త లావు, నల్లది బక్కది. గోధుమరంగుది పరిగెత్తుకుంటూ వచ్చి నల్లదాన్ని గుద్దేస్తుంది, అది ఇసుకలో దొర్లుతుంది, ఇది పైకెక్కి మెడ పక్కన తోలు పట్టుకుని తల అటూ ఇటూ విదిలిస్తుంది. నల్లది కుయ్యిమంటుంది. అప్పుడు చూడాలి. గోధుమరంగుది వదిలేసి రెండడుగులు వెనక్కి వేసి, ముందుకాళ్ళు నేలకి చాపి, పిర్రలు పైకెత్తి, తోక ఆడిస్తూ నిలబడుతుంది. నల్లది లేచి దులుపుకుని అనుమానంగా చూస్తుంది, ఒక్క క్షణమే, వెంటనే మీదికి దూకేస్తుంది. ఈసారి లావుది తనంతట తనే వెల్లకిలా పడిపోతుంది, బక్కది దాని చెవి కొరుకుతుంది. బలంతో తేల్చుకునే పందెమైతే నల్లది ఎప్పటికీ పైకి రాలేదు. పైన ఉన్నది కిందికి రాకపోతే రెండోది ఆట మానేసి తల్లి దగ్గరికి పోతుంది, అప్పుడు లావుదానికి ఆడేవాళ్ళుండరు.

ఆటకి పిలుస్తూ అలా ముందుకి వంగడం ఉందే, దాన్ని అమెరికాలో మార్క్ బెకాఫ్ అనే ఆయన తీరిగ్గా వీడియోలు ఆపి ఆపి చూసి, 1995లో రాశారు. పిల్లలు ఊరికే ఎప్పుడు పడితే అప్పుడు వంగవట, తల విదిలిస్తూ కొరికిన కొరుకుకి ముందో, వెనకో ఎక్కువగా వంగుతాయట. అంటే అపార్థం చేసుకునే అవకాశం ఎక్కడుందో సరిగ్గా అక్కడే. వంగడం పుట్టుకతో వచ్చినదే, ఏ కుక్కపిల్లయినా, ఏ దేశంలోనైనా అలాగే వంగుతుంది. ఏ కొరుకు తోబుట్టువుకి నొప్పి పుట్టించిందో, ఎక్కడ ఆపకపోతే ఆట చెడుతుందో మాత్రం అక్కడ ఇసుకలో ఆడితే గానీ తెలియదు.

నేనలా నిలబడి చూస్తుంటే జాలారిపేట నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని రోజూ ఆ దారిన వచ్చే మామ్మ ఆగి, "ఏటి బాబూ అలాగ సూస్తన్నావు? గుంటలు కొట్టుకోకపోతే బలమెలాగొస్తాది?" అంది. గుంటలంటే మా వైపు పిల్లలు. లోకమంతా అనుకునేది అదే. చిన్నప్పటి ఆట పెద్దయ్యాక చేసే వేటకీ, కొట్లాటకీ తాలీము అని. వినడానికి ఎంత బావుంటుందో, పరీక్షలో అంత గట్టిగా నిలబడలేదు పాపం. టిమ్ కారో అనే ఆయన 1980లో రాసిన దాని ప్రకారం, వస్తువులతో ఆడుకునే అవకాశం లేకుండా పెరిగిన పిల్లికూనలు కూడా పెద్దయ్యాక ఎలుకల్ని మామూలుగానే పట్టాయి. వేటకి ఎక్కువ పనికొచ్చింది చిన్నప్పుడు తల్లి పక్కనుండగా నిజం ఎలుకని ఎదుర్కోవడం. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో మీర్‌కాట్‌లని, అంటే ముంగిస జాతి చిన్న జంతువుల్ని, గమనించిన లిండా షార్ప్ 2005లో రాసింది కూడా ఇలాంటిదే, చిన్నప్పుడు ఎక్కువ కుస్తీ పట్టినవి పెద్దయ్యాక కొట్లాటల్లో ఎక్కువేమీ గెలవలేదు.

మరి దేనికి? నాకు నమ్మకం కుదిరిన జవాబు కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ యూనివర్సిటీలో పనిచేసిన పెల్లిస్ దంపతుల వైపు నుంచి వచ్చింది. ఎలుకపిల్లల్ని కొన్నింటిని తోటిపిల్లలతో, కొన్నింటిని పెద్ద ఎలుకతో మాత్రమే పెంచారు. పెద్దవి పెద్దగా ఆడవు కదా. తోటిపిల్లలతో పెరిగినవాటి మెదడు ముందుభాగంలో ఒకచోట కణాల కొమ్మలు చక్కగా కత్తిరించినట్టు పొందిగ్గా తయారయ్యాయి, ఆట లేకుండా పెరిగినవాటిలో అలా జరగలేదు. ఆట ఎరగని ఎలుకలు పెద్దయ్యాక ఎదుటి ఎలుక కదలికని బట్టి తాము సర్దుకోవడంలో తడబడతాయి, చిన్న తాకిడికి పెద్ద గొడవ పెట్టుకుంటాయి లేదా బిగుసుకుపోతాయి. 1978లోనే డొరొతీ ఐనాన్, ఆమె తోటివాళ్ళు ఇంకో సంగతి చూపించారు. ఒంటరిగా పెరుగుతున్న ఎలుకపిల్లకి రోజుకి ఒక గంట ఆడుకోనిస్తే చాలు, ఒంటరితనం వల్ల వచ్చే లోపాలు చాలావరకు రావు. కానీ పక్కన పెట్టిన ఎలుకకి మందిచ్చి ఆడకుండా చేస్తే ఆ లాభం లేదు. పక్కన ఇంకో ప్రాణి ఉంటే సరిపోదు, అది తిరిగి కలబడాలి. ఫోన్ చేతికిచ్చి పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకునే మనందరికీ ఇక్కడ ఏదో గుచ్చుకుంటుంది గానీ, నేను ఎలుకల నుంచి మనుషుల మీదికి అంత తేలిగ్గా దూకను.

తల్లి సంగతి వేరే కథ. మాంట్రియాల్‌లో మైకేల్ మీనీ ల్యాబు వాళ్ళు ఎలుకల్లో, పుట్టిన మొదటి వారంలో పిల్లల్ని బాగా నాకే తల్లుల్నీ, అంతగా నాకని తల్లుల్నీ వేరుగా గుర్తుపట్టారు. బాగా నాకించుకున్న పిల్లలు పెద్దయ్యాక తక్కువ కంగారు పడతాయి. ఇది తల్లి జీన్స్ వల్లేమో అన్న అనుమానం రావాలి కదా, అందుకని పుట్టగానే పిల్లల్ని తారుమారు చేశారు, 1999లో వచ్చిన ఫలితం ఏమిటంటే పిల్లలు కన్నతల్లి మీదికి పోలేదు, పెంచిన తల్లి మీదికి పోయాయి. 2004లో ఇంకో అడుగు ముందుకేసి, ఆ నాకుడు వల్ల ఒత్తిడిని అదుపులో పెట్టే ఒక జీన్ మీద రసాయన గుర్తులే మారిపోతున్నాయని చూపించారు. జీన్ అదే, దాని నోరు మూసి ఉంచాలా తెరిచి ఉంచాలా అన్నది తల్లి నాలుక తేలుస్తోంది! మన సామెతలు రెండూ ఇక్కడ ఒకదాన్నొకటి పట్టుకుని కిందపడ్డాయి.

ఇక ఆట దగ్గరికొస్తే, నేను తల్లి ప్రేమ ఎక్కువ దొరికినవే ఎక్కువ ఆడతాయనుకుంటూ 2008లో అదే ల్యాబు నుంచి వచ్చిన పేపరు తెరిచాను. తిరగబడింది. తక్కువ నాకించుకున్న మగపిల్లలే ఎక్కువ కుస్తీ పట్టాయి. ఎందుకో నా ఊహ చెప్తాను, ఊహగానే తీసుకోండి: తల్లికి తీరిక లేదంటే బయట బతుకు కష్టంగా ఉందని, అలాంటి చోట కాస్త దూకుడుగా ఉన్నవాడే నెగ్గుకొస్తాడని ఒళ్ళు సిద్ధపడుతుందేమో.

తిండి గురించి వేరే చెప్పక్కర్లేదు, కడుపు కాలితే ఎవరికీ ఆట మీద మనసుండదు. జోధ్‌పూర్ కొండముచ్చుల మీద 1995లో వచ్చిన ఒక పరిశీలనలో తిండి బాగా దొరికే గుంపుల్లో పిల్లలు ఎక్కువ ఆడతాయని తేలింది, ఆ చోటు మంచిదా కాదా చెప్పడానికి పిల్లల ఆటే గుర్తని వాళ్ళ వాదన. మా సందులో కూడా ముసురు పట్టి, టిఫిన్ బండి రాక, మిగిలిన ఇడ్లీ ముక్కలు పడేసేవాళ్ళు లేని రోజున ఆ పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పడుకుని ఉండేవి, కదలవు. ఊర కుక్కలకి ఇదేమీ చిన్న విషయం కాదు. కోల్‌కతా దగ్గర ఐసర్ అనే సైన్స్ సంస్థలో అనిందితా భద్ర బృందం 364 ఊర కుక్కపిల్లల్ని వెంబడించి చూస్తే, పెద్దయి పిల్లల్ని కనే వయసుదాకా మిగిలింది 19 శాతమే, చనిపోయినవాటిలో ఎక్కువ భాగానికి మనుషులే కారణం. ఇంత గండంలో కూడా శక్తంతా కొట్లాటలకి ఖర్చుపెడుతున్నాయంటే, ఆట వల్ల వాటికి ఏదో గట్టి లాభమే ఉండాలి.

ఇక మన లిఫ్టు ల్యాబ్రడార్ పిల్ల సంగతి. దాన్ని తెచ్చేటప్పటికి ముప్ఫై అయిదు రోజులట. "చిన్నప్పుడే తీసుకుపోతే బాగా మాలిమవుతుంది సార్" అని అమ్మినాయన చెప్పాడట. చట్టం ప్రకారం అది అమ్మకూడని వయసు. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల్లో ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని ఉంది. మాలిమి కావడానికి మనుషులు చిన్నప్పుడే తగలాలన్నది నిజమే, 1961లో ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు పద్నాలుగు వారాల దాకా మనిషి తగలకుండా పెంచిన పిల్లలు ఆ తర్వాత ఎంత చేసినా దగ్గరికి రాలేదు. కానీ అయిదో వారానికీ పద్నాలుగో వారానికీ మధ్య చాలా చోటుంది కదా, ఆ చోట్లోనే తోబుట్టువుల చేత కుయ్యిమనిపించుకుని పళ్ళ బరువు తెలుసుకునే రోజులున్నాయి. ఈ పిల్లకి అవే పోయాయి.

నేను ఆ రెండో అంతస్తు వాళ్ళకి చెప్పింది ఐనాన్ చూపించిన ఆ రోజుకో గంట ఆట గురించే. టీకాలన్నీ అయ్యాక మేడ మీద సాయంత్రం పూట ఓపికున్న ఇంకో కుక్కతో వదలమన్నాను. పక్క బ్లాకులో ఒక పెద్ద ఇండీ, అంటే మన నాటు రకం, ఆడకుక్క ఉంది, మహా నెమ్మది, మొదటి వారం ఈ పిల్ల గట్టిగా కొరికినప్పుడల్లా అది లేచి వెళ్ళిపోయి ట్యాంకు వెనక పడుకునేది, అంతే, తిట్టలేదు, కొట్టలేదు. పిల్ల దాని వెంట పడి, వంగి వంగి బతిమాలేది. ఇప్పుడు చెయ్యి నోట్లో పెట్టుకున్నా పళ్ళు దిగడం లేదు. చెప్పులు మోసుకుపోవడం మాత్రం మానలేదు, అది మానదు కూడా, ముత్తాతలు నీళ్ళలోంచి వలలూ, చేపలూ, తర్వాత వేటపక్షులూ మోసుకొచ్చిన వంశం. మాస్టారి ఎడమ కాలి చెప్పు ఇంకా దొరకలేదు.

చివరగా, ఫిషింగ్ హార్బర్ దగ్గర నుంచి పిల్లికూన తెచ్చుకుందామనుకుంటున్నానని ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది, దేన్ని చూసి తీసుకోవాలి అని. ఒకే ఈతలోవి రెండు కలిపి తెచ్చుకో అని చెప్పాను, తల్లి పాలు మానేదాకా ఆగమనీ చెప్పాను. పాలు ముందే మానిపిస్తే కూనలు ఆట తగ్గిస్తాయనుకుంటాం గానీ, కేంబ్రిడ్జ్‌లో మార్టిన్, బేట్సన్ చేసిన పనిలో తేలింది తిరకాసుగా ఉంది, వాటి ఆట కొన్ని రకాల్లో పెరిగింది, తల్లి ఆసరా పోయిందని తొందరపడుతున్నట్టు. రోజూ చేతుల్లోకి తీసుకుంటూ ఉండమన్నాను, ఏడు వారాలలోపు అయితే మరీ మంచిది. ధైర్యమున్న కూన కావాలంటే ఏం చూడాలి అని కూడా అడిగింది. దానికి జవాబుంది, 1995లో సాండ్రా మెక్‌క్యూన్ చూపించారు, స్నేహంగా ఉండే మగపిల్లికి పుట్టిన కూనలు, ఆ తండ్రిని ఎన్నడూ చూడకపోయినా, కొత్త మనుషుల దగ్గరికీ కొత్త వస్తువుల దగ్గరికీ జంకు లేకుండా వెళ్ళాయి. కాబట్టి తండ్రిని చూసుకుని తీసుకోవాలి. మన హార్బర్‌లో ఆ వివరం ఎవరిని అడగాలో మాత్రం నాకు తోచలేదు.